పికప్‌తో ట్రావెల్ ట్రైలర్ లాగడం: డోర్ స్టిక్కర్ లెక్క నుంచి క్యాంప్‌సైట్ దాకా

ఆర్‌వీ డీలర్ దగ్గరికి వెళ్లి "నా ట్రక్ ఈ ట్రైలర్‌ని లాగుతుందా?" అని అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే: "భేషుగ్గా లాగుతుంది." అందులో అబద్ధమేమీ లేదు, ఇంజిన్ నిజంగానే లాగుతుంది. కానీ ఆ బరువుని ట్రక్ వెనక భాగం మొయ్యాలి, బ్రేకులు ఆపాలి, పక్కగాలి కొట్టినప్పుడు బండి నిలబడాలి. ఆ సంగతులు డీలర్ చెప్పడు. మీ డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన అంటించి ఉండే పసుపు, తెలుపు స్టిక్కర్ చెబుతుంది.

అమెరికాలో ఉంటూ, హోటళ్ల బదులు ట్రైలర్ కట్టుకుని పిల్లలతో నేషనల్ పార్కులు తిరుగుదామనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. ఉదాహరణగా తీసుకుంటున్నది 24 నుంచి 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్, దాన్ని లాగే హాఫ్ టన్ పికప్. అంటే ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500, టండ్రా లాంటివి. ట్రక్ బెడ్ మధ్యలో తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ల కథ వేరు, వాటి జోలికి పోవడం లేదు.

ముందు స్టిక్కర్ చదవండి

ఆ స్టిక్కర్ మీద "మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు" అని ఒక అంకె ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్, ఒకే సంవత్సరం ట్రక్కుల్లో కూడా ఈ అంకె మారుతుంది. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, ఫోర్ వీల్ డ్రైవ్ ఇవన్నీ బరువే కాబట్టి, ఎంత ఖరీదైన ట్రిమ్ కొంటే పేలోడ్ అంత తగ్గుతుంది. పై మోడల్ కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బ్రోషర్‌లో అంకె చూడకండి, స్నేహితుడి ట్రక్ అంకె అస్సలు చూడకండి. మీ డోర్ మీద ఉన్నదే మీది.

ఇప్పుడు లెక్క. మీ స్టిక్కర్ 1,560 పౌండ్లు అంటోంది అనుకుందాం. భార్యాభర్తలు 320, ఇద్దరు పిల్లలు 130, హిచ్ (ట్రైలర్‌ని ట్రక్‌కి తగిలించే అమరిక) సామాను 60, కూలర్, బ్యాగులు 70. మొత్తం 580. మిగిలింది 980 పౌండ్లు. ట్రైలర్ ముక్కు మీ ట్రక్ వెనక్కి మోపే బరువుని టంగ్ వెయిట్ అంటారు. అది ఈ 980లో ఇమడాలి. ట్రావెల్ ట్రైలర్‌కి టంగ్ వెయిట్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. నేను 13 శాతంతో లెక్క వేస్తాను. 980ని 0.13తో భాగిస్తే 7,500 పౌండ్ల చిల్లర. మీ కుటుంబంతో మీ ట్రక్ లాగగలిగే ట్రైలర్ బరువు, సామానంతా ఎక్కించాక, అంతే.

అదే ట్రక్ ప్రకటనలో "టో రేటింగ్ 11,200 పౌండ్లు" అని ఉండొచ్చు. 11,200లో కనీసం 10 శాతం వేసుకున్నా టంగ్ వెయిట్ 1,120. దానికి మీ 580 కలిపితే 1,700. స్టిక్కర్ దాటిపోయింది. మరి కంపెనీ ఆ అంకె ఎలా వేసింది? టో రేటింగ్‌కి ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే పొడవాటి ఎత్తు రోడ్డుని మండే ఎండలో, ఏసీ పూర్తిగా వేసుకుని, వేగం ఒక హద్దు కంటే పడిపోకుండా ఎక్కాలన్నది అందులో ఒక పరీక్ష. పరీక్ష గట్టిదే. కానీ ఆ లెక్కలో ట్రక్‌లో కూర్చునేది డ్రైవరూ, పక్కన ఇంకొకరూ, తలా 150 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలు లేరు, బెడ్‌లో బియ్యం సంచీ లేదు.

పేలోడ్‌తో పాటు ఇంకో మూడు హద్దులు రాసి పెట్టుకోండి. ట్రక్ మొత్తం బరువు హద్దు జీవీడబ్ల్యూఆర్, వెనక ఇరుసు హద్దు. ఈ రెండూ డోర్ దగ్గరే ఇంకో లేబుల్ మీద ఉంటాయి. మూడోది రిసీవర్ (హిచ్ దూర్చడానికి ట్రక్ వెనక ఉండే చదరపు గొట్టం) హద్దు, రిసీవర్ మీదే అంటించి ఉంటుంది. దాని మీద రెండు వరసలు కనిపిస్తాయి: వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువుని ఇరుసుల మధ్య పంచే రకం) లేకుండా ఒకటి, ఉంటే ఒకటి. మొదటి వరసలో చాలా హాఫ్ టన్ ట్రక్కులకి 5,000 పౌండ్లు, టంగ్ మీద 500 అనే ఉంటుంది. అంటే ఉత్త బాల్ (ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనప గుండు) మీద 6,500 పౌండ్ల ట్రైలర్ తగిలించడం మీ ట్రక్ కంపెనీయే వద్దంటోంది.

ట్రైలర్ బరువు: డ్రై వెయిట్‌ని నమ్మకండి

ట్రైలర్ పక్కన అంటించిన డ్రై వెయిట్ ఫ్యాక్టరీ గేటు దాటినప్పటిది. చాలాసార్లు అందులో బ్యాటరీ ఉండదు, నిండిన ప్రొపేన్ సిలిండర్లు ఉండవు, నీళ్లు ఉండవు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 దాటింది. మన వంటిల్లు ఎక్కిస్తే ఇంకా చూడాలి. కుక్కర్లు, ఇనప పెనం, 20 పౌండ్ల సోనా మసూరి సంచీ, దోసెల పిండి, మంచినీళ్ల కేసులు, కుర్చీలు, దుప్పట్లు. కుటుంబంతో బయల్దేరితే డ్రై వెయిట్‌కి 1,000 పౌండ్లు కలపడం పెద్ద విషయం కాదు. అందుకే కొనేటప్పుడు ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్‌తోనే లెక్క వెయ్యండి. పై ఉదాహరణలోని ట్రక్‌కి 7,000 లోపు జీవీడబ్ల్యూఆర్ ఉన్న ట్రైలర్ చూస్తే కాస్త ఊపిరాడుతుంది.

పొడవు సంగతి కూడా. 7,000 పౌండ్ల ట్రైలర్ 24 అడుగులు ఉండొచ్చు, 32 అడుగులూ ఉండొచ్చు. బరువు ఒకటే అయినా గాలికి 32 అడుగుల గోడ చాలా పెద్దది. హాఫ్ టన్‌తో 28 అడుగులు దాటొద్దని నా సలహా. ఇది చట్టమేమీ కాదు, టెక్సస్ గాలి చూసి చెబుతున్న మాట.

మొదటిసారే కొనేయకుండా ఒక వీకెండ్ అద్దెకి తీసుకోవడం మంచిది. ఆర్‌వీషేర్, అవుట్‌డోర్సీ లాంటి చోట్ల సొంతదార్లు అద్దెకిస్తారు. మీ ట్రక్‌లో బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని పట్టించే పరికరం) ఉందా అని చాలామంది ముందే అడుగుతారు. అడగని వాళ్ల దగ్గర నేనైతే తీసుకోను.

వ్యాన్ ఉన్నవాళ్లకి

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి సియెన్నా, ఓడిస్సీ. ఈ రెండింటి టో రేటింగ్ గరిష్ఠంగా 3,500 పౌండ్లు. అందులోనే ఎనిమిది మంది కూర్చుంటే మిగిలేది ఇంకా తక్కువ. చిన్న టియర్‌డ్రాప్ ట్రైలరో, పాప్-అప్ క్యాంపరో అయితే సరే, బరువైన ట్రావెల్ ట్రైలర్ ఆశ పెట్టుకోకండి. ఫోర్డ్ ట్రాన్సిట్, స్ప్రింటర్, చెవ్రొలె ఎక్స్‌ప్రెస్ లాంటి పెద్ద వ్యాన్లు లాగుతాయి గానీ వాటి రేటింగ్ ఇంజిన్‌ని బట్టి, వెనక ఇరుసుని బట్టి బాగా మారుతుంది. పొడవాటి వ్యాన్లలో వెనక చక్రాల తర్వాత బాడీ ఇంకా చాలా దూరం పోతుంది. బాల్ అంత దూరంలో ఉంటే ట్రైలర్ పక్కకి తోసినప్పుడు వ్యాన్ తోక తేలిగ్గా కదులుతుంది. హిచ్ సరిగ్గా బిగించడం పికప్ కంటే వ్యాన్‌కే ఎక్కువ అవసరం.

ఎలక్ట్రిక్ పికప్‌లు బలంగానే లాగుతాయి. కానీ పెద్ద ట్రైలర్ తగిలిస్తే రేంజ్ దాదాపు సగానికి పడిపోతుంది. పైగా చాలా ఛార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్ విప్పితే గానీ బండి పట్టదు.

హిచ్ అమర్చడం

ట్రైలర్ ముక్కు ట్రక్ వెనకని నొక్కితే ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగ్ వదులైనట్టు, లైట్లు ఆకాశంలోకి కొట్టినట్టు ఉంటుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లోని స్ప్రింగ్ బార్లు ఆ బరువులో కొంత మళ్లీ ముందు ఇరుసుకీ, కొంత ట్రైలర్ ఇరుసులకీ పంపుతాయి. 5,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి, ఊగుడుని కూడా అదుపు చేసే రకం హిచ్ తీసుకోండి. మీ టంగ్ వెయిట్ ఎంతో ఆ రేటింగ్ బార్లే కొనాలి. 850 పౌండ్లకి 1,000 రేటింగ్ సరిపోతుంది. "ఎందుకైనా మంచిది" అని 1,400 కొంటే బార్లు మరీ బిరుసైపోయి ట్రైలర్ ఫ్రేమ్‌ని వంచుతాయి.

బాల్ సైజు కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) మీద చెక్కి ఉంటుంది. ఈ బరువులకి సాధారణంగా 2 5/16 అంగుళాలు. 2 అంగుళాల బాల్ మీద 2 5/16 కప్లర్ కూర్చున్నట్టే కనిపిస్తుంది. మొదటి గతుకులో లేచి వచ్చేస్తుంది.

అమరిక ఇలా చెయ్యాలి. చదునైన చోట, ట్రైలర్ లేకుండా, ట్రక్ ముందు చక్రం మధ్యగా నేల నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. 37.5 అంగుళాలు వచ్చిందనుకోండి. ట్రైలర్ తగిలించి, బార్లు పెట్టకుండా మళ్లీ కొలవండి. 38.5 వచ్చిందంటే ముందు భాగం ఒక అంగుళం లేచిందన్నమాట. ఇప్పుడు బార్లు బిగించి మూడోసారి కొలవాలి. ఎంత దించాలో మీ ట్రక్ మాన్యువల్‌లో ఉంటుంది. ఎఫ్-150కి ఫోర్డ్ చెప్పేది సగం, అంటే ఇక్కడ 38 అంగుళాలు. దిగకపోతే గొలుసు ఒక లింకు పైకి పట్టండి, లేదా హిచ్ తల ఇంకాస్త వెనక్కి వంచండి. 37.5 కంటే కిందికి దిగిందంటే మరీ ఎక్కువ బిగించారు. వెనక చక్రాలకి పట్టు తగ్గుతుంది, వానలో అది ప్రమాదం. చివరగా పక్కకి వెళ్లి నిలబడి చూడండి. ట్రైలర్ సమంగా ఉండాలి, లేదా ముక్కు ఓ వేలెడు కిందికి ఉండాలి. ముక్కు పైకెత్తి ఉంటే బాల్ మౌంట్ ఒక రంధ్రం కిందికి దించండి.

డీలర్ దగ్గర అరగంటలో బిగించి పంపేస్తారు, అప్పుడు ట్రైలర్ ఖాళీగా ఉంటుంది. సామాను ఎక్కించాక ఈ మూడు కొలతలూ మీరే మళ్లీ తీసుకోవాలి.

బ్రేక్ కంట్రోలర్

టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. కాలిఫోర్నియాలో ఆ హద్దు 1,500 మాత్రమే. చట్టం సంగతి అటుంచి, ఇంత బరువుని ట్రక్ బ్రేకులొక్కటే ఆపాలనుకోవడం తెలివితక్కువతనం. ట్రైలర్ చక్రాల్లో ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకులు ఉంటాయి, వాటికి ఎంత కరెంటు పోవాలో ట్రక్‌లోని కంట్రోలర్ నిర్ణయిస్తుంది. టోయింగ్ ప్యాకేజీ ఉన్న ట్రక్కుల్లో చాలావాటికి ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. లేకపోతే బయట కొనేటప్పుడు ప్రొపోర్షనల్ రకం తీసుకోండి. మీరు ఎంత గట్టిగా తొక్కితే అది అంత గట్టిగా పట్టిస్తుంది.

గెయిన్ (ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలన్న అంకె) సెట్ చెయ్యడానికి ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే పెద్ద పార్కింగ్ లాట్ చాలు. 20, 25 మైళ్ల వేగంలో వెళ్తూ, కాలితో బ్రేక్ తొక్కకుండా, కంట్రోలర్ మీది చేతి మీట మాత్రమే పూర్తిగా నొక్కండి. ట్రైలర్ గట్టిగా వెనక్కి పట్టి లాగినట్టు ఉండాలి, కానీ చక్రాలు లాక్ అయి జారకూడదు. జారితే కాస్త తగ్గించండి, ఊరికే తేలిపోతే పెంచండి. ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి వేసేంత అలవాటు చేసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

సామాను ఎక్కడ పెట్టాలి

ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది కొత్తేం కాదు. వెనక బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడ మీంచి లేచిపోతుంది. ట్రైలర్‌దీ అదే వరస. సామాను బరువులో దాదాపు 60 శాతం ఇరుసులకి ముందు ఉండాలి. బియ్యం, నీళ్ల కేసులు, పనిముట్లు ముందు అరల్లో, ఇరుసుకి దగ్గరగా, నేలకి దగ్గరగా సర్దండి. వెనక అరల్లో దిండ్లు, బట్టలు పెట్టండి.

చాలామంది చేసే పని వెనక బంపర్ మీద నాలుగు సైకిళ్లు కట్టడం. ఇరుసు వెనక అంత దూరంలో 150 పౌండ్లు వేలాడితే ముందు టంగ్ వెయిట్ గణనీయంగా తగ్గిపోతుంది. చాలా ట్రైలర్ బంపర్లు అంత బరువుకి తయారు చేసినవీ కావు. సైకిళ్లు ట్రక్ బెడ్‌లో వేసుకోండి, పేలోడ్‌లో కలుపుకోండి. నీళ్ల ట్యాంకు మీ ట్రైలర్‌లో ఇరుసుకి ముందుందో వెనకుందో కూడా చూసుకోండి. వెనక ఉంటే క్యాంప్‌గ్రౌండ్ చేరాక నింపుకోవడమే నయం.

తగిలించే వరస

ఈ పని ఒక్కరే చెయ్యండి, మధ్యలో ఎవరితోనూ మాట్లాడొద్దు. ఎవరైనా పలకరిస్తే ఆపేసి, మళ్లీ మొదటి నుంచి చూసుకోండి.

1. ట్రైలర్ చక్రాలకి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. ఇవి తీసేది అన్నిటికన్నా ఆఖర్న.
2. ట్రక్ వెనక్కి తీసుకుని బాల్‌ని కప్లర్ కిందికి తెచ్చి, పార్కింగ్ బ్రేక్ వేసి దిగండి. టంగ్ జాక్‌తో (ట్రైలర్ ముక్కుని ఎత్తి దించే జాకీ) కప్లర్‌ని బాల్ మీదికి దించి, లాచ్ మూసి, పిన్ గుచ్చండి.
3. ఇప్పుడు అదే జాక్‌తో ట్రైలర్ ముక్కుని పైకెత్తండి. లాచ్ నిజంగా పట్టి ఉంటే ట్రక్ వెనక భాగం కూడా లేస్తుంది. బాల్ ఊడి వస్తే ఇక్కడే, ఆగి ఉన్నప్పుడే తెలిసిపోతుంది. ఎత్తి ఉంచిన ఈ స్థితిలోనే స్ప్రింగ్ బార్లు తేలిగ్గా ఎక్కుతాయి.
4. సేఫ్టీ చైన్లు రెండూ కప్లర్ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి తగిలించండి. కప్లర్ ఊడినా రోడ్డు మీద పడకుండా ఆ గొలుసుల మధ్య నిలుస్తుంది. మలుపు తిరిగేంత వదులు ఉండాలి, నేలకి రాసుకోకూడదు.
5. బ్రేక్‌అవే కేబుల్‌ని ట్రక్‌కి విడిగా తగిలించండి, సేఫ్టీ చైన్‌కి మాత్రం కట్టొద్దు. ట్రైలర్ విడిపోతే ఈ కేబుల్ పిన్‌ని లాగేసి, ట్రైలర్ బ్యాటరీతో బ్రేకులు పట్టిస్తుంది. అంటే ట్రైలర్ బ్యాటరీ చచ్చి ఉంటే ఇది ఉత్త తాడే.
6. ఏడు పిన్నుల ప్లగ్ పెట్టి, జాక్ పూర్తిగా పైకెత్తి, లైట్లన్నీ చూడండి. బ్రేక్ లైటు చూడటానికి ఇంకో మనిషి కావాలి.
7. చెక్కలు తీసి, మెల్లగా కదిలి, చేతి మీటతో ట్రైలర్ బ్రేకు ఒకసారి పట్టించి చూడండి. ఆ తర్వాతే రోడ్డెక్కండి.

టైర్ల గురించి రెండు మాటలు. ట్రైలర్ టైర్ల మీద ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని ఉంటుంది. బయల్దేరే ముందు, చల్లగా ఉన్నప్పుడు, సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ గాలి పట్టండి. టైరు మీది డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరగక ముందే ఎండకి పాడైపోతాయి. ట్రెడ్ కొత్తగా ఉన్నా ఐదారేళ్లు దాటితే మార్చెయ్యండి. చక్రాలు విప్పి బిగించాక మొదటి 50 మైళ్లలో లగ్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. కొత్త ట్రైలర్‌కీ అంతే.

తూకం వేస్తే అనుమానం పోతుంది

ఇప్పటిదాకా వేసింది అంచనా. అసలు అంకె హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద వస్తుంది. పైలట్, లవ్స్, టీఏ లాంటి చోట్ల పెద్ద పసుపు బోర్డు కనిపిస్తుంది. ఫోన్‌లో వాళ్ల యాప్ ఉంటే బండి దిగక్కర్లేదు. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ ఇరుసులు మూడో పలక మీద నిలపాలి. పిల్లలు, సామాను, పెట్రోలు అన్నీ ప్రయాణంలో ఎలా ఉంటాయో అలాగే ఉండాలి.

మూడు తూకాలు తీసుకోండి. మన ఉదాహరణలోని ట్రక్ జీవీడబ్ల్యూఆర్ 7,000, వెనక ఇరుసు హద్దు 3,900 అనుకుని చూద్దాం. ట్రైలర్ తగిలించి బార్లు బిగించినప్పుడు ముందు ఇరుసు 3,090, వెనక ఇరుసు 3,700, ట్రైలర్ 5,730. బార్లు తీసేస్తే 2,920, 3,960, 5,640. ట్రైలర్ విప్పేసి ట్రక్ ఒక్కటే తూస్తే 3,260, 2,760.

ట్రక్ ఒక్కటీ 6,020. బార్లు లేకుండా ట్రైలర్ తగిలినప్పుడు ట్రక్ 6,880. తేడా 860, అదే మీ టంగ్ వెయిట్. ట్రైలర్ అసలు బరువు 5,640కి 860 కలిపితే 6,500. టంగ్ 13 శాతం పైచిలుకు, బాగుంది. బార్లు లేనప్పుడు వెనక ఇరుసు 3,960, హద్దు దాటింది. బార్లు పెడితే 3,700కి దిగింది. ముందు ఇరుసు కోల్పోయిన 340లో 170 తిరిగి వచ్చింది, సరిగ్గా సగం. ట్రక్ మొత్తం 6,790, హద్దులోనే ఉంది. స్టిక్కర్ పేలోడ్ 1,560లో మీ 580, టంగ్ 860 పోగా ఇంకా 120 పౌండ్లు మిగిలాయి. ఆ 120 చూసి జనరేటర్ ఎక్కించొద్దు, వదిలెయ్యండి.

టంగ్ 10 శాతం కంటే తక్కువ వస్తే అక్కడికక్కడే పార్కింగ్‌లో ఆగి సామాను ముందుకి జరపండి. అలాగే ఇంటికి వెళ్లి చూద్దాంలే అనుకోకండి.

రోడ్డు మీద

టెక్సస్‌లో బోర్డు 75 అని ఉన్నా మీ వేగం 60, 65 మధ్య. చాలా ఎస్‌టీ టైర్లు 65 మైళ్లకే తయారయ్యాయి. మీ టైర్ మీద వేగం గుర్తు చూసుకోండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే ఏ బండికైనా హద్దు 55 మైళ్లు, హైవే బోర్డు ఏమన్నా సరే. టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు అందుకు తగ్గట్టు మారే సెట్టింగ్) వేసుకోండి. క్రూయిజ్ కంట్రోల్ చదును రోడ్డు మీద, ఎండ ఉన్నప్పుడు సరే. గుట్టల్లో, వానలో వద్దు. ముందు బండికీ మీకూ మధ్య కనీసం ఐదు సెకన్ల దూరం వదలండి. ఆ ఖాళీలోకి కార్లు దూరుతూనే ఉంటాయి, మళ్లీ వదలండి. అద్దాల విషయంలో పిసినారితనం వద్దు. ట్రైలర్ వెడల్పు ఎనిమిది అడుగులు, ట్రక్ మామూలు అద్దాల్లో దాని ముందు గోడ తప్ప ఏమీ కనిపించదు.

ఎయిటీన్ వీలర్ పక్కనుంచి దాటేటప్పుడు ముందు దాని గాలి మిమ్మల్ని పక్కకి నెడుతుంది, తర్వాత లోపలికి లాగుతుంది. అద్దంలో అది వస్తున్నట్టు కనిపించగానే లేన్‌లో కాస్త అవతలి అంచుకి జరిగి స్టీరింగ్ నిదానంగా పట్టుకోండి, చాలు. డల్లాస్ నుంచి అమరిల్లో వైపు యూఎస్ 287 మీద వెళ్తే పక్కగాలి సంగతి బాగా తెలుస్తుంది. గస్ట్స్ 40 దాటుతాయని ఫోర్‌కాస్ట్ ఉంటే ఆ పూట బయల్దేరకండి. రిజర్వేషన్ డబ్బులు పోతే పోనీ.

ఇక టెన్షన్ పెట్టే అసలు విషయం. ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగడం మొదలై, ఒక్కో ఊపుకీ పెరుగుతూ పోతుంది. దీన్నే స్వే అంటారు. వెనక బరువు, అతివేగం, దిగుడు, గాలి, వీటిలో రెండు కలిస్తే చాలు. అప్పుడు మనిషికి సహజంగా వచ్చేవి మూడు పనులు: బ్రేక్ గట్టిగా తొక్కడం, స్టీరింగ్ ఎదురు తిప్పడం, యాక్సిలరేటర్ తొక్కి బయటపడదామనుకోవడం. మూడూ తప్పే. ట్రక్ బ్రేక్ తొక్కితే ముందున్నది ఆగుతుంది, వెనకున్నది దాన్ని తోసుకుంటూ మడత పడుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. కంట్రోలర్ మీది చేతి మీట నొక్కండి. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడతాయి, ట్రైలర్ వెనక్కి లాగి రెండు బండ్లూ ఒక గీతలోకి వస్తాయి. ఆ మీట చూడకుండా దొరకాలన్నది ఇందుకే. సర్దుకున్నాక తర్వాతి ఎగ్జిట్‌లో దిగి కారణం వెతకండి. ఒకసారి ఊగిన ట్రైలర్ అదే లోడ్‌తో మళ్లీ ఊగుతుంది.

దిగుడు రోడ్ల మీద వేగం పైనుంచే తగ్గించుకుని దిగాలి. కొలరాడోలో ఐ-70 మీద ఐజన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది, రెండు వైపులా పొడవాటి దిగుడు. లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన ఐ-5 మీది గ్రేప్‌వైన్ ఇంకొకటి. టెక్సస్‌లోనే పాలో డ్యూరో కేన్యన్ పార్కులోకి దిగే రోడ్డు 10 శాతం వాలు, మలుపులతో. శిఖరం దగ్గరే తక్కువ గేర్‌లోకి మార్చి, ఇంజిన్‌తో వేగం పట్టి ఉంచండి. అయినా వేగం పెరుగుతుంటే బ్రేక్ గట్టిగా ఒకసారి తొక్కి పది మైళ్లు తగ్గించి, పూర్తిగా వదిలెయ్యండి. మళ్లీ పెరిగాక మళ్లీ తొక్కండి. కాలు బ్రేక్ మీదే ఆనించి దిగితే బ్రేకులు కాలి, అడుగున చేరేసరికి పెడల్ ఉంటుంది గానీ పట్టు ఉండదు. ఎక్కేటప్పుడు టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. కుడి లేన్‌లో 45లో ఎక్కితే నామోషీ ఏమీ లేదు.

పెట్రోలు మైలేజీ సగానికి పడి గ్యాలన్‌కి 9, 10 మైళ్ల దగ్గర ఆగుతుంది. పావు ట్యాంకు దాకా ఆగకుండా సగం ఉన్నప్పుడే, చోటున్న బంకు చూసి పోయించుకోండి. బకీస్ లాంటి పెద్ద బంకులు ట్రైలర్‌కి సుఖం. ఊళ్లోని ఇరుకు బంకులో దూరితే బయటికి రావడానికి నలుగురు సాయం కావాలి. మలుపుల్లో ట్రైలర్ చక్రాలు ట్రక్ కంటే లోపలి నుంచి కోసుకొస్తాయి. కాబట్టి కుడి మలుపుకి ఇంకాస్త ముందుకి పోయి తిప్పండి.

రూటు గూగుల్ మ్యాప్స్‌కి వదిలెయ్యకండి, మీ ట్రైలర్ పొడవు దానికి తెలియదు. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్‌కీ రైజింగ్ సన్‌కీ మధ్య 21 అడుగులు దాటిన బండ్లని రానివ్వరు. జయన్ తూర్పు వైపు టన్నెల్ 1930 నాటిది, పెద్ద బండ్లకి ఆంక్షలున్నాయి. ఇలాంటి చోట్ల ట్రైలర్ క్యాంప్‌లో వదిలి ట్రక్‌తోనే తిరగాలి. ఏ పార్కుకైనా దాని అధికారిక సైట్‌లో వాహనాల పొడవు నిబంధన చూసుకున్నాకే సైట్ బుక్ చెయ్యండి.

రివర్స్

మొదటి కొన్ని ట్రిప్పులకి పుల్-త్రూ సైట్లే (రివర్స్ అక్కర్లేకుండా ఒక వైపు నుంచి ఎక్కి ఇంకో వైపు దిగిపోయేవి) బుక్ చెయ్యండి. నాలుగు డాలర్లు ఎక్కువైనా కాపురానికి మంచిది. తర్వాత ఖాళీ లాట్‌లో రెండు కోన్లు పెట్టుకుని నేర్చుకోవచ్చు. స్టీరింగ్ అడుగు భాగాన చెయ్యి పెట్టండి. ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. కొంచెం తిప్పి, ఆగి, ఏం జరిగిందో చూసి, మళ్లీ కొంచెం తిప్పండి. మడత ఎక్కువవుతోందనిపిస్తే సరిదిద్దే ప్రయత్నం చెయ్యకుండా ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టండి. వీలైనంత వరకు సైట్ డ్రైవర్ వైపు వచ్చేలా రండి. కిటికీలోంచి తల పెడితే ట్రైలర్ చక్రాలు కనిపిస్తాయి.

వెనక నిలబడి చెప్పే మనిషి ముఖ్యం. "ఎడమకి, ఎడమకి!" అని ఆవిడ, "ఎవరి ఎడమ?" అని ఈయన, చుట్టూ ఉన్న క్యాంపర్లంతా కుర్చీలు తిప్పుకుని చూడటం, ఇది జరగకుండా ఉండాలంటే ఎడమ, కుడి అనే మాటలు మానేసి "డ్రైవర్ వైపు", "ప్యాసింజర్ వైపు" అనండి. ఇద్దరూ ఫోన్ కాల్‌లో ఉంటే అరవక్కర్లేదు. ఆపాల్సినప్పుడు ఒకే మాట. మన బస్సు కండక్టర్ల "హోల్డాన్" ఇక్కడా చక్కగా పనికొస్తుంది. చెప్పే మనిషి అద్దంలో కనిపించకపోతే బండి ఆగాలి, అది ఖాయం. అనుమానం వస్తే దిగి చూడండి. కిందే చూడకుండా పైన చెట్టు కొమ్మలు, కరెంటు పెడెస్టల్ కూడా చూడండి.

చేరాక, ఇంటికొచ్చాక

ముందు అడ్డంగా సమం చెయ్యండి, తగ్గు వైపు చక్రాల కింద పలకలు పెట్టి. ఆ తర్వాత చెక్కలు అడ్డం పెట్టాలి, అప్పుడే గొలుసులు విప్పాలి. ఈ వరస తారుమారైతే కప్లర్ లేచిన క్షణంలో ట్రైలర్ తన దారిన తాను దొర్లుతుంది. నిలువుగా సమం చేసేది టంగ్ జాక్‌తో. నాలుగు మూలల స్టెబిలైజర్లు ఊగకుండా ఆపడానికే, వాటితో ట్రైలర్‌ని ఎత్తితే వంగిపోతాయి.

మొదటి ట్రిప్‌కి ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక ఫోన్ చెయ్యండి. ట్రైలర్ వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం సాధారణంగా ట్రక్ పాలసీలోకి వస్తుంది, ట్రైలర్‌కే దెబ్బ తగిలితే వేరే పాలసీ కావాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ట్రైలర్‌ని కూడా మోసుకెళ్తుందా అన్నది విడిగా అడగండి. మామూలు ప్లాన్లు చాలావరకు ట్రక్‌ని తీసుకుపోయి ట్రైలర్‌ని రోడ్డు పక్కన వదిలేస్తాయి.

హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో పెట్టనివ్వని చోట్లు చాలా ఉన్నాయి. కొనక ముందే మీ నిబంధనలు చదువుకుని, దగ్గర్లో స్టోరేజీ నెలకి ఎంతో కనుక్కోండి. పెట్టేటప్పుడు ప్రొపేన్ వాల్వ్ మూసేసి, బ్యాటరీ డిస్కనెక్ట్ చేసి, టైర్లకి ఎండ తగలకుండా కవర్లు తొడిగి, కప్లర్‌కి తాళం వెయ్యండి. స్టోరేజీ గేటుకి తాళం ఉంది కదా అని ఇది మానేసేవాళ్ల ట్రైలర్లే దొంగలకి ముందు దొరుకుతాయి.